విడుదల ఎవరి అదుపులో? మధుమేహం మందులూ, పాలిమర్ సూక్ష్మగుళికలూ



ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు మాకు ఫార్మస్యూటిక్స్ చెప్పారు. మాత్ర కట్టడం, పూత వేయడం, కరిగే వేగం కొలవడం లాంటివి పుస్తకాలు చూసి కూడా నేర్చుకోవచ్చు. ఆయన దగ్గర కూర్చుంటే తప్ప అబ్బనిది ఒక అలవాటు. ఎవరు కొత్త ఫార్ములేషన్ పట్టుకొచ్చినా, గ్రాఫులు చూడకముందే "ఇది నెమ్మదిగా రావాల్సిన అవసరం ఎవరికుందోయ్?" అని అడిగేవారు. అందులో వెటకారం ఉండేది కాదు. ఏళ్ల తరబడి పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ పొడుచుకున్న మనిషి ఆయన. మందు తొందరపడితే ఏమవుతుందో, ఆలస్యమైతే ఏమవుతుందో ఒంటి మీదే తెలుసుకున్నవారు. ఆయన పేరిట మాట్లాడమని మీరు అడిగినప్పుడు ఈ విషయం తప్ప నాకు మరొకటి తోచలేదు.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మందును పాలిమర్‌లో పెట్టి కొంచెం కొంచెంగా వదలడం మన రంగానికి ఇప్పుడు బాగానే తెలుసు. బయటికొచ్చిన మందు రక్తంలో చక్కెర తగ్గగానే తనంతట తాను వెనక్కి తగ్గుతుందా, తగ్గదా? మధుమేహంలో గెలుపోటములన్నీ అక్కడే తేలుతున్నాయి. వెనక్కి తగ్గే మందు దొరికినప్పుడు పాలిమర్ గుళిక నెగ్గింది. ఆ గుణం లేని ఇన్సులిన్‌తో దశాబ్దాలుగా పెనుగులాడుతూనే ఉంది.

పాలిమర్ అంటే ఎక్కడో ప్రయోగశాలలో ఉండేదనుకోకండి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. వీరిలో ఎంతోమంది వేసుకునేది మెట్‌ఫార్మిన్. స్ట్రిప్ మీద ఎస్‌ఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో రాసి ఉంటే అందులో పాలిమర్ ఉన్నట్టే. కడుపులో నీరు తగలగానే ఆ పాలిమర్ ఉబ్బి జిగురుముద్ద అవుతుంది, మందు దాని లోపలి నుంచి గంటల తరబడి ఊరుతుంది. మందంతా వెళ్లిపోయాక మిగిలిన మెత్తటి ముద్ద ఒక్కోసారి మాత్ర ఆకారంలోనే మలంలో కనిపిస్తుంది. అది చూసి "మందు ఒంట పట్టలేదు" అని హడలిపోయి మానేసినవారు నాకు తెలుసు. మానకండి. మందు ఒంట పట్టింది, వచ్చింది ఖాళీ ముద్ద మాత్రమే. అలాగే మింగలేకపోతున్నామని ఆ మాత్రను నూరి, నీళ్లలో కలిపి పెద్దవాళ్లకు పట్టకండి. రోజంతా రావాల్సిన మందు ఒక్కసారిగా దిగుతుంది. మింగడం కష్టమైతే డాక్టరుతో చెబితే మామూలు రకానికి మారుస్తారు.

ఇక సూక్ష్మగుళికల పుట్టుక. ఇది మందుల షాపులో పుట్టిన విద్య కాదు. 1950లలో అమెరికాలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో బారెట్ గ్రీన్ అనే రసాయనవేత్త, కార్బన్ పేపరు లేకుండా నకలు తీసే కాగితం కోసం రంగు కలిపిన నూనె బిందువుల చుట్టూ జెలటిన్, గమ్ అరబిక్‌ల పొర కట్టించాడు. కలం ఒత్తిడికి ఆ పొర చిట్లి కింది కాగితం మీద అక్షరం పడేది. 1957లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఇంకా విద్యార్థిగా ఉన్న థామస్ చాంగ్ హీమోగ్లోబిన్‌ను, ఎంజైములను పలుచటి పొరలో మూసి కృత్రిమ కణాలు అన్నాడు. 1964లో సైన్స్ పత్రికలో ఆ పని వచ్చింది. 1970 ప్రాంతంలో శస్త్రచికిత్సల్లోకి ఒంట్లోనే కరిగే కుట్టుదారం వచ్చింది. లాక్టిక్ ఆమ్లం, గ్లైకోలిక్ ఆమ్లం కలిసిన పీఎల్‌జీఏ పాలిమర్ ఆ దారాల కుటుంబంలోదే. నీటి చేత నెమ్మదిగా తెగిపోతూ ఆ రెండు ఆమ్లాలుగా విడిపోతుంది, వాటిని శరీరం ఖర్చు చేసేసుకుంటుంది. రెండింటి పాళ్లు మారిస్తే కరిగే కాలం మారుతుంది. 1989లో ప్రొస్టేట్ క్యాన్సర్‌కు నెలకొక్కసారి వేసే ల్యూప్రోలైడ్ సూది అమెరికాలో అనుమతి పొందింది ఈ పాలిమర్ గుళికలతోనే.

మధుమేహానికి వద్దాం. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడతాను, ఎందుకంటే ఈ ఒక్క మందు చరిత్ర వివరంగా చదివితే విద్యార్థికి పాఠ్యపుస్తకంలో సగం అర్థమవుతుంది.

భోజనం చేయగానే మన పేగు నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను వస్తుంది. ఇది క్లోమగ్రంథిని ఇన్సులిన్ వదలమంటుంది, రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నంతవరకే. చక్కెర మామూలు స్థాయికి రాగానే ఆ ఆజ్ఞ బలం తగ్గిపోతుంది. మందుగా ఇంతకన్నా మంచి గుణం కోరుకోలేం. కానీ రక్తంలోని ఒక ఎంజైము దాన్ని దాదాపు రెండు నిమిషాల్లోనే సగానికి కోసేస్తుంది. 1992లో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టర్ జాన్ ఎంగ్, గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి స్రావంలో ఇలాంటి పనే చేసే పెప్టైడును కనుక్కున్నాడు. అమెరికా నైరుతి ఎడారుల్లో, మెక్సికోలో తిరిగే బల్లి అది. ఈ పెప్టైడును ఆ ఎంజైము అంత తేలిగ్గా కోయలేదు. 39 అమైనో ఆమ్లాల ఆ పెప్టైడు కృత్రిమ రూపమే ఎక్సెనటైడ్. 2005లో బయెట్టా పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒంట్లో దాని అర్ధాయువు రెండున్నర గంటల లోపే. అందుకని రోజుకు రెండు సూదులు, అవి కూడా ఉదయం, సాయంత్రం భోజనానికి ముందు గంటలోపు.

మాస్టారి ప్రశ్నకు ఇక్కడ సూటిగా జవాబుంది. రోజుకు రెండు, వారానికి పద్నాలుగు సూదులు పొడుచుకునే మనిషికి ఇది నెమ్మదిగా రావాలి. పైగా నెమ్మదిగా, ఎడతెగకుండా వస్తే రాత్రి, పరగడుపు చక్కెర కూడా అదుపులోకి వస్తుంది. ఆల్కర్మిస్ కంపెనీ పీఎల్‌జీఏ పరిజ్ఞానంతో, అమిలిన్, ఎలై లిల్లీ కలిసి ఆ పని చేపట్టాయి.

చేసిన తీరు చూడండి. మందును నీటిలో కొద్దిగా చక్కెరతో కరిగించారు. పాలిమర్‌ను డైక్లోరోమీథేన్‌లో కరిగించి రెండింటినీ ఎమల్షన్ చేశారు. దానికి సిలికాన్ నూనె కలుపుతుంటే పాలిమర్ నిలవలేక, మందు బిందువుల్ని చుట్టుకుంటూ మెత్తటి గుళికలుగా విడివడింది. ఆ గుళికల్ని మరో ద్రావణిలో గట్టిపరిచారు. చివరికి మిగిలింది మిల్లీమీటరులో వందో వంతు లెక్కల్లో కొలవాల్సిన రేణువులు, వాటి బరువులో మందు సుమారు 5 శాతం. మిగతా 95 శాతంలో దాదాపు అంతా పాలిమరే. మందు ఒక పొర వెనక గదిలో ఉండదు, పాలిమర్ ముద్దంతటా చిన్న చిన్న గూళ్లలో చిక్కుకుని ఉంటుంది.

సూది వేశాక ఉపరితలాన అంటుకున్న కొంచెం మందు మొదటి గంటల్లో వచ్చేస్తుంది. ఆ మోతాదు ఎక్కువైతే వికారం, వాంతులు. దాన్ని ఒక శాతం చుట్టుపక్కలకు కుదించడమే తయారీదారుల పెద్ద విజయమని నా అభిప్రాయం. తర్వాత నీరు లోపలికి ఇంకి, గుళిక ఉబ్బి, రెండో వారం దగ్గర ఒక శిఖరం. పాలిమర్ తెగి కూలిపోతున్నప్పుడు ఆరు, ఏడు వారాల దగ్గర మరో శిఖరం. ఒక్క సూది మందు పూర్తిగా రావడానికి దాదాపు పది వారాలు. ఒక్కదాన్నే చూస్తే ఎగుడుదిగుడు గీత. వారం వారం వేస్తూ పోతే ఒకదాని పల్లం మీద మరొకదాని శిఖరం పడి, ఆరేడు వారాలకు గీత సమంగా నిలుస్తుంది. ఒక గుళిక చేయలేని పనిని వరస గుళికల చేత చేయించారు. నేను ఏళ్లుగా పాఠం చెబుతున్నా, ఈ ఆలోచన దగ్గరికి వచ్చినప్పుడల్లా తరగతిలో ఆగిపోతాను.

2008లో లాన్సెట్‌లో వచ్చిన 30 వారాల పరీక్షలో 295 మంది పాల్గొన్నారు. రోజుకు రెండు సూదుల వాళ్లలో మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 1.5 శాతం పాయింట్లు తగ్గితే, వారానికొకటి వేసుకున్నవాళ్లలో 1.9 తగ్గింది. బైడ్యూరియన్ పేరుతో 2011లో ఐరోపాలోనూ, 2012 జనవరిలో అమెరికాలోనూ దానికి అనుమతి వచ్చింది.

కష్టాలూ చెప్పాలి. పొడిని, ద్రవాన్ని అప్పటికప్పుడు కలిపి, గట్టిగా ఆడించి, గుళికలు అడుగున పేరుకోకముందే వేసుకోవాలి. గుళికలు పోవాలంటే సూది లావుండాలి. వేసిన చోట చిన్న గడ్డలు కట్టేవి. అన్నిటికన్నా పెద్దది, ఒకసారి వేశాక వెనక్కి తీసుకునే దారి లేదు. మందు పడకపోతే వారాల పాటు ఒంట్లో ఉండి తీరుతుంది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. పది వారాలు ఒంట్లో ఉండే, మధ్యలో రెండు శిఖరాలున్న, వెనక్కి తీయలేని ఒక మధుమేహం మందుకు నియంత్రణ సంస్థలు ఎందుకు ఒప్పుకున్నాయి? చక్కెర తగ్గితే ఎక్సెనటైడ్ పని కూడా తగ్గుతుంది కనుక. శిఖరం నాడు రోగి పస్తున్నా ఆ మందు ఒక్కటే వాడుతుంటే ప్రాణం మీదికి వచ్చే లో-షుగరు అరుదు. అదుపు మందులోనే ఉంది, పాలిమర్‌కు కాలం లెక్క చూసుకునే పని మాత్రమే మిగిలింది.

అవే గుళికల్లో ఇన్సులిన్ నింపితే? ఇన్సులిన్ చక్కెర ఎంతుందని చూడదు. భోజనం తప్పిన రాత్రి కూడా రావాల్సినంత వస్తుంది. చెమటలు, వణుకు, అయోమయం, స్పృహ తప్పడం. ఇది మాస్టారు ఎరిగిన భయం, ఈ హాల్లో చాలా ఇళ్లకు తెలిసిన భయం. దానికి తోడు పాలిమర్ తెగుతున్నకొద్దీ గుళిక లోపల ఆమ్లం పేరుకుని, ఆ సున్నితమైన ప్రొటీను రూపం చెడి గడ్డకడుతుంది. ఇది చాలా ప్రయోగశాలలు చూసిన సంగతి.

ఇన్సులిన్‌ను నిదానపరచిన పాతవాళ్లు పాలిమర్ జోలికి పోలేదు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది వేశాక, రోజుకు పలుమార్లు పొడవాల్సి రావడం రోగులకు నరకమైంది. 1936లో డెన్మార్క్‌లో హాగెడోర్న్ అనే వైద్యుడు చేపల వీర్యం నుంచి తీసిన ప్రొటమిన్‌తో ఇన్సులిన్‌ను కలిపి సరిగా కరగని స్ఫటికాల దారి తెరిచాడు. ఆ దారిలో వచ్చిన 1946 నాటి ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ ఈనాటికీ మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉంది. పాలిమర్ లేకుండానే ఇప్పుడు వారానికొకసారి వేసే ఐకోడెక్ ఇన్సులిన్ వచ్చింది. 2024లో ఐరోపాలో దానికి అనుమతి దొరికింది. అదే ఏడాది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం మాత్రం టైప్-1 రోగులకు దాని లాభం కన్నా ముప్పే ఎక్కువని 7–4 ఓట్లతో తేల్చింది. కారణం లో-షుగరు భయమే. పాలిమర్ ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ను దీర్ఘకాలం చేయబోయిన ప్రతివారికీ ఇదే గోడ అడ్డొస్తోంది.

కాబట్టి ఇన్సులిన్ విషయంలో గుళికకే చక్కెరను పసిగట్టడం నేర్పాలి. 1979లోనే బ్రౌన్‌లీ, సెరామీ అనే పరిశోధకులు చక్కెర వచ్చినప్పుడు విడివడే ఇన్సులిన్ ఆలోచనను సైన్స్ పత్రికలో ప్రతిపాదించారు. 2015లో జెన్ గూ అనే శాస్త్రవేత్త బృందం సూక్ష్మమైన సూదుల పట్టీలో పాలిమర్ బుడగలు పెట్టింది. వాటిలో ఇన్సులిన్‌తో పాటు గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైము ఉంటుంది. చక్కెర పెరిగితే ఎంజైము ఆక్సిజన్‌ను వాడేస్తుంది, ఆక్సిజన్ తగ్గితే బుడగ విడిపోతుంది. ఎలుకల్లో పనిచేసింది. 2020లో మరో పాలిమర్‌తో చిన్న పందుల్లోనూ పనిచేసింది. మనుషుల రోజువారీ వైద్యంలోకి ఇంకా రాలేదు.

చక్కెరను పసిగట్టే యంత్రం ప్రకృతిలో ఒకటి ఉండనే ఉంది, అది క్లోమంలోని బీటా కణం. దాన్నే గుళికలో పెడితే పోలేదా అని లిమ్, సన్ అనే పరిశోధకులు 1980లో అడిగారు. ఆల్జినేట్, పాలీలైసిన్ అనే పాలిమర్ల పొరల్లో కణాలను మూసి మధుమేహం ఉన్న ఎలుకల్లో పెడితే రెండు మూడు వారాలు చక్కెర అదుపులో ఉంది. ఆక్సిజన్, గ్లూకోజ్ లోపలికి పోతాయి, ఇన్సులిన్ బయటికొస్తుంది, రోగనిరోధక కణాలు లోపలికి రాలేవు. చక్కని ఆలోచన. కానీ శరీరం గుళిక చుట్టూ నారపొర అల్లి ఊపిరాడకుండా చేస్తుంది. 2016లో ఎంఐటీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు రసాయనికంగా మార్చిన ఆల్జినేట్‌తో ఆ నారపొరను దూరం పెట్టి, మూలకణాల నుంచి పెంచిన మానవ బీటా కణాలను ఎలుకల్లో 174 రోజులు పనిచేయించారు. నాకు అన్నిటికన్నా ఆశ ఉన్నది ఈ దారి మీదే. మందును దాచే గుళిక కన్నా, మందు తయారుచేసే కణాన్ని కాపాడే గుళికే ఇన్సులిన్‌కు తగింది.

ఇక మన ఊళ్ల సంగతి. ఆల్జినేట్ మనకు కొత్త కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్లిపిజైడ్ అనే మధుమేహం మందు మీద చేసిన ఆల్జినేట్ సూక్ష్మగుళికల పని 2003లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. ఆల్జినేట్ ద్రావణంలో మందు, జిగురు పాలిమర్ కలిపి సిరంజి సూదిలోంచి కాల్షియం క్లోరైడ్‌లోకి బొట్లుబొట్లుగా వదిలితే, పడ్డ బొట్టు పడ్డట్టే సగ్గుబియ్యంలా గట్టిపడుతుంది. ఆరబెట్టి, పేగు ముక్కకు అంటుకుంటున్నాయో లేదో చూస్తారు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, విషపు ద్రావణులు లేవు. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ఫార్మసీ కళాశాలల్లో ఈ పద్ధతి ఊరూరా పాకింది. పేద ప్రయోగశాలలో చేయగల నికార్సయిన సైన్స్ అది. నాకు దాని మీద గౌరవం ఉంది.

ఆ గౌరవంతోనే ఒక మాట. గ్లిపిజైడ్ సల్ఫోనైలూరియా జాతి మందు. చక్కెర తగ్గినా అది ఇన్సులిన్ వదలమనే అంటుంది. రోజుకొకసారి వేసుకునే గ్లిపిజైడ్ మాత్ర అమెరికాలో 1994 నుంచే ఉంది. అందుచేత ఇంకో గ్లిపిజైడ్ గుళిక చేసే విద్యార్థి, పన్నెండు గంటల గ్రాఫు చూపించి ఊరుకుంటే చాలదు. సాయంత్రం పని ఆలస్యమై అన్నం తినని కూలీకి ఆ పన్నెండో గంటలో ఏమవుతుందో చెప్పాలి. పేగుకు ఎక్కువసేపు అంటుకోవడం ఆ మనిషికి మేలా, కీడా? థీసిస్‌లో ఈ పేజీ నాకు అరుదుగా కనిపిస్తోంది.

ఎండ గురించీ అంతే. పొడి పీఎల్‌జీఏ 40 నుంచి 50 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది, తేమ తగిలితే ఇంకా ముందే. మే నెలలో పల్నాడులో, రామగుండంలో నీడలోనే 45 దాటుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో, పార్శిల్ వ్యానులో ఆ గుళికలు ఒకదానికొకటి అతుక్కుంటే, విడుదల లెక్క మొత్తం తలకిందులవుతుంది. బోస్టన్‌లో ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు, మనకు తట్టాలి.

బైడ్యూరియన్ కథ ముగింపు కూడా చెప్పి తీరాలి. కొవ్వు ఆమ్లం తగిలించిన సెమాగ్లుటైడ్ రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని వారం పాటు తిరుగుతుంది. గుళికలు లేవు, కలపడం లేదు, సన్నటి సూది చాలు. 2017 చివర్లో అమెరికాలో దానికి అనుమతి వచ్చాక గుళికల మందుకు చోటు తగ్గుతూ పోయింది. 2024లో అక్కడ దాని అమ్మకాలు నిలిపేశారు. నేను దీన్ని ఓటమిగా లెక్కపెట్టను. వారానికొక సూది చాలని రోగికీ, డాక్టరుకూ మొదట చూపించిన మందు అదే. కాలాన్ని పాలిమర్‌లో పెట్టాలా, మందు అణువులోనే పెట్టాలా అనే ప్రశ్నకు ఈ ఒక్క మందు విషయంలో అణువే నెగ్గింది. కణాలను గుళికలో పెట్టే పనిలో పాలిమర్‌కు పోటీ వచ్చే అణువు లేదు, ఆ రంగం ఇంకా ఖాళీగానే ఉంది.

విద్యార్థులకు, ఈ కళాశాల పెద్దలకు ఒక విన్నపంతో ముగిస్తాను. మీ ప్రయోగశాలల్లో ప్రతి ఏడూ గుళికలు అతుక్కుపోయిన బ్యాచ్‌లు, మొదటి గంటలోనే సగం మందు వదిలేసిన బ్యాచ్‌లు, ఎండకు పాడైన బ్యాచ్‌లు ఉంటాయి. అవి థీసిస్‌లోకి రావు, చెత్తబుట్టలోకి పోతాయి. వచ్చే బ్యాచ్ పిల్లలు అదే తప్పు మళ్లీ మొదటి నుంచి చేస్తారు. మాస్టారి పేరు మీద ఒక రిజిస్టరు తెరవండి. ఏ పాలిమర్, ఎన్ని పాళ్లు, ఎంత వేడి, ఏ మందు, ఎందుకు చెడింది అన్నవన్నీ అందులో రాయండి. రెండు రాష్ట్రాల కళాశాలలన్నిటికీ దాన్ని చూసే వీలు కల్పించండి. ప్రతి కొత్త ఎంట్రీ పైన మొదటి గడిలో, ఈ మందు నెమ్మదిగా రావాల్సిన అవసరం ఏ రోగికో రాయించండి. ఆ గడి ఖాళీగా ఉంటే ప్రయోగం మొదలుపెట్టనివ్వకండి.